కులీన పాలన: ఉత్తములెవరో తేల్చేదెవరు?

2025 ఫిబ్రవరి 27న శాసనమండలిలోని కృష్ణా–గుంటూరు పట్టభద్రుల నియోజకవర్గానికి పోలింగ్ జరిగింది. డిగ్రీ ఉండి, ఓటరుగా నమోదైన కొడుకు వెళ్లి ఓటేసి రావచ్చు. నలభై ఏళ్లు కిరాణా కొట్టు నడిపి ఆ కొడుక్కి డిగ్రీ చెప్పించిన తండ్రికి మాత్రం ఆ రోజు ఓటు లేదు. "ఇంకా కులీన పాలన పోలేదా?" అని ఒకరడిగితే, "కులీన పాలనంటే జమీందార్లది కదా" అని ఇంకొకరంటారు. "అసలు కులీన పాలనంటే వారసత్వ రాజకీయమే" అనేది మూడో మాట. గ్రూప్స్‌కు చదివే పిల్లలకు ఇదే మాట పాలిటీ పేపర్లో ఎదురై, అల్పజన పాలనకూ దీనికీ తేడా ఏమిటో తెలియక తికమక పెడుతుంది.

జమీందారీ, వారసత్వం, డబ్బున్నవాళ్ల పెత్తనం, చదువుకు ఇచ్చే ప్రత్యేక హక్కు. ఈ నాలుగింటికీ ఒకటే మాట వాడుతున్నాం. వీటికి పోలికలున్న మాట నిజమే కానీ నాలుగూ ఒకటి కావు.

మాటలోనే ఉన్న చిక్కు

అరిస్టోక్రసీ గ్రీకు మాట. ‘అరిస్టోస్’ అంటే అందరిలోకీ ఉత్తముడు, ‘క్రాటోస్’ అంటే అధికారం. రెండూ కలిపితే ఉత్తముల పాలన. ఇందులో పుట్టుక ఊసు లేదు, ఆస్తి ఊసూ లేదు.

తెలుగు పుస్తకాల్లో దీన్ని కులీన పాలన అన్నారు. సంస్కృతంలో కులమంటే వంశం, ఇల్లు. కులీనుడంటే మంచి వంశంలో పుట్టినవాడు. అలా ‘ఉత్తముల పాలన’ కాస్తా మన భాషలోకి వచ్చేసరికి ‘పెద్దింటివాళ్ల పాలన’ అయింది. అనువదించినవాళ్లను తప్పు పట్టలేం, చరిత్రలో ఆ మాట నడిచిన దారే అది. ఇప్పుడు మన చెవికి కులమంటే జాతి అన్న అర్థమే ముందు తోస్తుంది కాబట్టి, ‘ఒక కులం చేసే పాలన’ కాబోలని చాలామంది పొరబడతారు. ఆ అర్థం అసలు మాటలో లేదు. ఈ వ్యాసంలో ఆదర్శాన్ని చెప్పేటప్పుడు ‘ఉత్తముల పాలన’ అనీ, చరిత్రలో నిజంగా నడిచిన వ్యవస్థను ‘కులీన పాలన’ అనీ వాడతాను. ఆ రెంటి మధ్య దూరమే అసలు విషయం.

తలలు లెక్కపెడితే చాలదన్న అరిస్టాటిల్

పరీక్షలకు బట్టీ పట్టే పట్టిక అరిస్టాటిల్‌ది. పాలించేది ఒకరా, కొందరా, అందరా అన్నది ఒక ప్రశ్న. పాలన ఊరందరి మేలు కోసమా, పాలకుల మేలు కోసమా అన్నది రెండోది. ఒకరు అందరి మేలు కోసం పాలిస్తే రాచరికం, సొంతానికైతే నిరంకుశత్వం. కొందరు అందరి మేలు కోసం పాలిస్తే కులీన పాలన, సొంతానికైతే అల్పజన పాలన, అంటే ఒలిగార్కీ. అందరూ కలిసి అందరి మేలు కోసం పాలించేదాన్ని ‘పాలిటీ’ అన్నాడు, అది చెడితే ప్రజాస్వామ్యం అన్నాడు. మనం గౌరవంగా వాడే ప్రజాస్వామ్యం అన్న మాట ఆయన పట్టికలో చెడిన గడిలో ఉందని గుర్తుంచుకుంటే సగం తికమక పోతుంది.

మిగతా సగం పోవాలంటే ఆయనే ఇచ్చిన లెక్క చూడాలి. ఒక నగరంలో 1,300 మంది పౌరులున్నారు. వాళ్లలో 1,000 మంది సంపన్నులు. మిగిలిన 300 మంది పేదలు, స్వతంత్రులే అయినా, వాళ్లకు పదవుల్లో చోటు లేదు. పాలించేది ఎక్కువమందే. అయినా దాన్ని ప్రజాస్వామ్యం అని ఎవరూ అనరంటాడు. ఒలిగార్కీకి అసలు గుర్తు సంఖ్య కాదు, ఆస్తి. ‘కొద్దిమంది పాలించేదల్లా కులీన పాలన’ అని రాస్తే మార్కు పోయేది ఇక్కడే. లోపలికి రావడానికి ఏం చూశారన్నది తేల్చాలి. గుణం చూస్తే ఉత్తముల పాలన, ఆస్తి చూస్తే ఒలిగార్కీ, పుట్టుక చూస్తే చరిత్రలో కనపడే కులీన పాలన.

ఒక కాలువ, మూడు వందల మంది రైతులు

కృష్ణా డెల్టాలో ఒక పంట కాలువ ఊహించుకోండి. దాని కింద 900 ఎకరాలు, 300 మంది రైతులు. అరవై మందికి తలా పదెకరాలు, కలిపి 600 ఎకరాలు. మిగిలిన 240 మందికి తలా ఎకరం పాతిక, కలిపి 300 ఎకరాలు. కాలువ నీటిని ఎవరు పంచాలి?

మనిషికొక ఓటు అంటే చిన్న రైతులది 80 శాతం. ఎకరానికొక ఓటు అంటే పెద్ద రైతులది మూడింట రెండొంతులు. మనుషులు వాళ్లే, కాలువ అదే. లెక్కించే పద్ధతి మారితే అధికారం చేతులు మారింది. మొదటిది ప్రజాస్వామ్యం, రెండోది ఒలిగార్కీ.

ఇప్పుడు మూడో పద్ధతి. "ఓట్లెందుకు? నీటి సంగతి తెలిసినవాళ్లను ఐదుగురిని పెడదాం" అని ఊరంతా అనుకుంది. ఏ తూము ఎంత ఎత్తితే ఎంత నీరు పారుతుందో, ఏ మలుపులో పూడిక పడుతుందో, శివారు భూమికి నీరు ఎక్కాలంటే ఎగువ తూములు ఎన్ని రోజులు దించి ఉంచాలో తెలిసిన ఐదుగురు. ఇది ఉత్తముల పాలనే. మొదటి పదేళ్లు బ్రహ్మాండంగా నడుస్తుంది. లస్కరుతో మాట్లాడటానికి ఒకరుంటారు, వంతులు రాసిపెట్టడానికి ఒకరుంటారు, కోతల లోపు పంట ఎండదు.

ఐదుగురిలో ఒకాయన కాలం చేస్తాడు. ఖాళీ ఎవరు నింపాలి? "తెలిసినవాళ్లెవరో తెలిసినవాళ్లకే తెలుస్తుంది" కాబట్టి మిగిలిన నలుగురే ఎంచుతారు. చిన్నప్పటి నుంచి తండ్రి వెంట గట్టు మీద తిరిగిన కొడుకుకే పని ఎక్కువ తెలుసు. వాడినే పెడతారు. ఇందులో కుట్ర లేదు, ఆ ఎంపిక సబబు కూడా. కానీ మరో ఇరవై ఏళ్లకు ఐదు కుర్చీల్లోనూ ఐదుగురి కొడుకులే ఉంటారు. ఆ ఐదు ఇళ్ల పొలాలూ ఎగువనే ఉన్నాయనుకోండి, వంతుల పట్టిక నెమ్మదిగా ఎగువకు ఒరుగుతుంది. శివారు రైతు అడిగితే, "నీకు నీటి లెక్క తెలియదులే" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. తెలివి పేరుతో మొదలైన అధికారం పుట్టుక దగ్గరికి చేరడానికి ఒక్క తరం చాలు. ఎవరూ దుర్మార్గులు కానక్కర్లేదు. లోపలివాళ్లే తలుపు తీసేవాళ్లయితే చాలు.

మన రాష్ట్రంలో 1997 చట్టంతో వచ్చిన నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు పెట్టింది శివారు రైతు చేతిలోనూ ఆ తలుపు గడియ ఉండాలనే.

వెనిస్: ఐదు వందల ఏళ్లు మూసి ఉన్న తలుపు

ఈ తలుపు కథను చరిత్రలో స్పష్టంగా చూపించేది ఇటలీలోని వెనిస్. అది ఓడలూ వ్యాపారమూ నడిపిన గణతంత్రం. ‘డోజ్’ అనే అధినేత ఉన్నా, అసలు అధికారం మహాసభది. 1297లో ఆ సభకు ఎవరు అర్హులో తేలుస్తూ నిబంధనలు వచ్చాయి. గత నాలుగేళ్లలో సభలో కూర్చున్నవాళ్లు, నలభై మంది పెద్దల మండలిలో కనీసం 12 ఓట్లు తెచ్చుకుంటే కొనసాగవచ్చు. చరిత్రకారులు దీన్ని ‘సెర్రాటా’, అంటే మూసివేత అంటారు. విచిత్రమేమిటంటే, మూసివేత తరవాత మొదట్లో సభ్యుల సంఖ్య పెరిగింది. అప్పటికి పలుకుబడి ఉన్న ఇళ్లన్నిటినీ లోపలికి తీసుకుని, ఆ తరవాత తలుపు బిగించారు. 1506 నుంచి ఈ ఇళ్లలో పుట్టే పిల్లల పేర్లు రిజిస్టరులో ఎక్కించారు, 1526 నుంచి పెళ్లిళ్లు కూడా. ‘బంగారు పుస్తకం’ అని పేరుపడిన ఆ జాబితాలో పేరుంటే పాతికేళ్లకు సభలో చోటు ఖాయం. లేకపోతే ఎంత సంపాదించినా, ఎంత చదివినా బయటే.

అయితే లోపలివాళ్లు ఒకరి మీద ఒకరు పెట్టుకున్న కాపలా అసాధారణం. 1268 నుంచి డోజ్‌ను ఎన్నుకున్న తీరు చూడండి. మహాసభ నుంచి 30 మందిని చీటీ పద్ధతిలో తీసి, మళ్లీ చీటీలతో 9 మందికి తగ్గించేవారు. ఆ తొమ్మిది మంది 40 మందిని ఎంచాలి. ఆ నలభై చీటీలతో 12 అవుతారు. పన్నెండు మంది 25 మందిని ఎంచితే, చీటీలతో 9 అవుతారు. వాళ్లు 45 మందిని ఎంచితే, చీటీలతో 11 అవుతారు. ఆ పదకొండు మంది 41 మందిని ఎంచుతారు. ఆ 41 మందిలో కనీసం 25 మంది ఒప్పుకున్నవాడే డోజ్. చీటీల గుళికలు తీయడానికి బయట కూడలిలో ఎదురైన పిల్లవాణ్ని పిలుచుకొచ్చేవారు.

ఇంత తతంగమూ ఒక్క భయం కోసం. ఏ ఒక్క కుటుంబమూ మిగతా ఇళ్లను మింగేయకూడదు. చీటీ ముందే కొనలేం, ఎంపికలో మరీ అనామకుడు రాడు. రెంటినీ పెనవేసి గూడుపుఠాణీని అసాధ్యం చేశారు. ఈ పద్ధతి గణతంత్రం చివరిదాకా, అంటే 1797 దాకా నడిచింది. కులీన పాలన పాలకులను అదుపులో పెట్టలేదన్న మాట అందుకే పూర్తి నిజం కాదు. లోపలివాళ్ల నుంచి లోపలివాళ్లను కాపాడటంలో అది దిట్ట. బయటివాళ్లకు ఆ రక్షణ లేదు.

మరి చెడిందెక్కడ? మూసిన తలుపు వెనక ఇళ్లు తగ్గిపోతూ వచ్చాయి. ఆస్తి చీలకూడదని చాలా ఇళ్లలో అన్నదమ్ముల్లో ఒకరికే పెళ్లి చేసేవారు, దాంతో వంశాలు ఆగిపోయాయి. క్రీట్ ద్వీపం కోసం తురుష్కులతో యుద్ధం ముదిరినప్పుడు ఖజానా చాలక, 1646 నుంచి లక్ష డుకాట్లు కట్టిన కుటుంబాలను బంగారు పుస్తకంలో ఎక్కించారు. పుట్టుక మీద నిలిచిన వ్యవస్థ తన చోటును తనే ధర కట్టి అమ్మింది. ఇంకోవైపు ఆస్తులు కరిగిపోయి పేరు మాత్రం మిగిలిన కులీనులు సాన్ బర్నబా పేటలో చేరారు. సభలో వాళ్ల ఓటు అంగడి సరుకయింది. చివరికి నెపోలియన్ సేన గడప తొక్కేసరికి, 1797 మే 12న మహాసభ తనను తాను రద్దు చేసుకోవడానికి సమావేశమైంది. కోరం 600. వచ్చినవాళ్లు 537. రద్దుకు 512 మంది ఓటేశారు.

పోలెండ్ దీనికి తలకిందులైన ఉదాహరణ. అక్కడ కులీనులు లోపల మరీ సమానులు. 1652 నుంచి సభలో ఒక్క సభ్యుడు కాదంటే చట్టం ఆగిపోయేది. నిర్ణయాలే జరగని రాజ్యాన్ని పొరుగు రాజ్యాలు 1772, 1793, 1795లో మూడు దఫాలుగా పంచుకున్నాయి.

వైశాలి సభ

మనకిది పరాయి సరుకేమీ కాదు. బుద్ధుడి కాలంలో వైశాలి కేంద్రంగా ఉన్న వజ్జి గణసంఘంలో రాజు ఒక్కడు కాదు. లిచ్ఛవుల వంటి క్షత్రియ వంశాల పెద్దలు సభలో కూర్చుని తేల్చేవారు. వైశాలిలో 7,707 మంది రాజులుండేవారని జాతక కథ చెబుతుంది. ఆ అంకెను లెక్కగా కాక, ‘ప్రతి ఇంటి పెద్దా రాజే’ అన్న భావంగా తీసుకోవడం మేలు. వీటిని ప్రాచీన ప్రజాస్వామ్యాలని ఉపన్యాసాల్లో తరచు వింటుంటాం. సభ, చర్చ, ఉమ్మడి నిర్ణయం ఉన్నమాట నిజం. కానీ ఆ సభలో పొలం దున్నే దాసుడికీ కర్మకరుడికీ చోటు లేదు. సరైన పేరు కులీన గణతంత్రం.

మగధ రాజు అజాతశత్రువు వజ్జిని గెలవాలని మంత్రి వస్సకారుణ్ని బుద్ధుడి దగ్గరికి పంపితే, వజ్జులకు చేటు రాకపోవడానికి ఏడు కారణాలు బుద్ధుడు చెప్పాడని బౌద్ధ గ్రంథాలు అంటాయి. అందులో మొదటి రెండూ: తరచు సమావేశం కావడం, కలిసికట్టుగా కూర్చుని కలిసికట్టుగా లేవడం. ఇలాంటి పాలనకు ప్రాణం ఐకమత్యం. అది పోయినప్పుడు పైనుంచి సర్దడానికి రాజు లేడు, కింద నుంచి మార్చడానికి జనానికి ఓటు లేదు.

జమీందార్లు కులీన పాలకులేనా?

గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఈ మాట వినగానే వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడో, చల్లపల్లి, నూజివీడు సంస్థానాలో గుర్తొస్తాయి. ఇక్కడ ఒక గీత గీయాలి. కులీన వర్గం ఉండటం వేరు, కులీన ప్రభుత్వం ఉండటం వేరు. జమీందార్లకు వంశం ఉంది, భూమి ఉంది, దివాణం ఉంది. కానీ వాళ్లంతా ఒక సభగా కూర్చుని రాజ్యం చేయలేదు. ఎవరి జమీలో వారే ఏలికలు, అందరూ పై ప్రభువుకు పేష్కష్, అంటే కప్పం, కట్టినవాళ్లే. మద్రాసు ప్రెసిడెన్సీలో 1802 శాశ్వత శిస్తు ఒప్పందం తరవాత ప్రభుత్వం ఈస్టిండియా కంపెనీది, శిస్తు వసూలు జమీందారుది. 1832–33 నాటి డొక్కల కరువు తరవాత గుంటూరు జమీలు బాకీల్లో మునిగి ఒక్కొక్కటే సర్కారు చేతికి పోయాయి. పాలకవర్గమే అయితే పన్ను బాకీకి గద్దె పోదు.

వర్గం ప్రభుత్వానికి దగ్గరగా వచ్చింది తరవాతే. 1935 చట్టం కింద మద్రాసు శాసనసభలో 215 స్థానాలుంటే, అందులో 6 భూస్వాములకు విడిగా కేటాయించారు. అంతకుముందే జస్టిస్ పార్టీ తరఫున పానగల్ రాజా, బొబ్బిలి రాజా మద్రాసు ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రులయ్యారు. కానీ 1937లో బొబ్బిలి రాజా సొంత గడ్డ మీదే వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. ఓటుహక్కు ఆస్తితో, చదువుతో ముడిపడి ఇంకా కొద్దిమందికే ఉన్న రోజుల్లోనే ఆ ఓటమి. 1948 చట్టంతో జమీందారీలే రద్దయ్యాయి.

వంటవాడి మాటా, తిన్నవాడి మాటా

ఉత్తముల పాలన వైపు వాదించేవాళ్లలో మొదటివాడు ప్లేటో. ఓడ నడపటం ఓట్లతో తేల్చరు, నక్షత్రాలూ గాలీ తెలిసినవాడికి చుక్కాని ఇస్తారు, రాజ్యానికీ అదే వర్తిస్తుందన్నాడు. ఈ వాదం ఈ రోజుకీ బలమైనదే. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎప్పుడు ఎన్ని ఎత్తాలో ఇంజినీర్లకు వదిలేస్తాం, ఓటింగ్ పెట్టం.

జవాబు ఆయన శిష్యుడు అరిస్టాటిల్ దగ్గరే ఉంది. ఇల్లు బాగుందో లేదో కట్టిన మేస్త్రి కన్నా కాపురం ఉండేవాడికి బాగా తెలుస్తుంది. విందు రుచి చెప్పాల్సింది వంటవాడు కాదు, తిన్నవాడు. గేట్లు ఎత్తడం ఇంజినీరు పనే కానీ, వరద ఏ లంకల మీదికి పోతే ఎవరి ఇల్లు మునుగుతుందో, ఆ నష్టం ఎవరు భరించాలో ఇంజినీరింగ్ ప్రశ్న కాదు. నేను ఈ వాదం వైపే మొగ్గుతాను. నైపుణ్యం ‘ఎలా’ అన్నదానికి జవాబు చెబుతుంది. ‘ఎవరి కోసం’ అన్నదానికి చెప్పలేదు.

1813లో అమెరికా మాజీ అధ్యక్షులు జెఫర్సన్, ఆడమ్స్ ఉత్తరాల్లో ఇదే వాదించుకున్నారు. గుణమూ ప్రతిభా ఉన్నవాళ్లు సహజ కులీనులు, డబ్బూ పుట్టుకా ఉన్నవాళ్లు కృత్రిమ కులీనులు, ఎన్నికలు రెంటినీ వేరుచేస్తాయని జెఫర్సన్ నమ్మకం. అంత సులువు కాదన్నారు ఆడమ్స్. అందం, డబ్బు, పుట్టుక, ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా ప్రతిభనూ గుణాన్నీ పక్కకు తోసేయగలదని ఆయన వాదన.

వారసత్వ రాజకీయం సంగతి

ఒక ఇంట్లో మూడు తరాలు శాసనసభకు వెళ్తే అది కులీన పాలనా? తలుపు ఎవరి చేతిలో ఉందో చూడాలి. ఓడించే హక్కు జనం చేతిలో ఉన్నంతవరకు కాదు. వెనిస్ కులీనుణ్ని బయటివాళ్లు ఎన్నటికీ ఓడించలేరు.

కానీ ఎన్నికకు ముందు ఇంకో తలుపుంది, టికెట్టు. దాన్ని తెరిచేది లోపలివాళ్లే. ఎన్నిక అన్నది స్వభావంలోనే పేరున్నవాణ్ని వెతుకుతుందనీ, నిజమైన ప్రజాస్వామ్య పద్ధతి లాటరీ అనీ గ్రీకులు అనుకున్నారు. ఏథెన్స్‌లో 500 మంది మండలిని పది తెగల నుంచి తెగకు యాభై మంది చొప్పున చీటీలు తీసి నింపేవారు. నైపుణ్యం తప్పనిసరైన సేనానుల పదవులు పదింటికి మాత్రం ఎన్నిక పెట్టేవారు. ఆ కొలతతో చూస్తే ఏ ఎన్నికల ప్రజాస్వామ్యంలోనైనా కాస్త కులీన పాలన కలిసి ఉంటుంది. అది తిట్టు కాదు, వర్ణన.

మళ్లీ పట్టభద్రుల ఓటు దగ్గరికి

ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో 58 స్థానాలు. రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం మూడో వంతు, అంటే 20, స్థానిక సంస్థల ప్రతినిధులు ఎన్నుకుంటారు. ఇంకో 20 ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. పట్టభద్రులకు పన్నెండో వంతు, 5. ఉపాధ్యాయులకు మరో 5. మిగిలిన 8 గవర్నర్ నామినేషన్. పట్టభద్రుల జాబితాలో చేరాలంటే డిగ్రీ వచ్చి కనీసం మూడేళ్లు కావాలి. ఉపాధ్యాయులకైతే హైస్కూలు స్థాయికి తగ్గని సంస్థలో మూడేళ్లు పనిచేసి ఉండాలి. ఒకటో తరగతికి అ ఆలు దిద్దించే టీచరుకు ఉపాధ్యాయ ఓటు లేదు.

ఇది ఉత్తముల పాలన సూత్రమే, సందేహం లేదు. చదువును అర్హతగా తీసుకుని రెండో ఓటు ఇచ్చారు. బ్రిటన్‌లో విశ్వవిద్యాలయ పట్టభద్రులకు ఇలాంటి స్థానాలే ఉండేవి, 1948 చట్టంతో తీసేశారు. సమర్థించేవాళ్లు చెప్పేది, గంపగుత్త ఓట్లతో గెలవలేని నిపుణులకు, ఉద్యోగ సంఘాలకు, అధ్యాపకులకు ఇదొక్కటే దారి అని. కాదనేవాళ్లు చెప్పేది, అక్షరాస్యతే అరుదైన 1950 నాటి ఆలోచన ఇప్పటికి పాతబడిందని, పైగా ఈ సీట్లకూ పార్టీలే అభ్యర్థులను నిలుపుతున్నాయని. రెండు మాటల్లోనూ నిజముంది.

కానీ తూకం వేసేటప్పుడు ఆ సభ చేతిలో ఉన్న బరువెంతో కూడా చూడాలి. శాసనసభ పంపిన మామూలు బిల్లును మండలి మొదటిసారి మూడు నెలలు, రెండోసారి ఒక నెల ఆపగలదు. ద్రవ్య బిల్లునైతే 14 రోజులే. ఆ తరవాత అది చట్టమవుతుంది. వంశపారంపర్య ప్రభువులు కూర్చున్న బ్రిటన్ లార్డుల సభ కూడా 1911, 1949 చట్టాలతో ఇలాగే ఆపడమే తప్ప అడ్డుకోలేని స్థితికి వచ్చింది. 1999లో అక్కడి వంశపారంపర్య సభ్యులను 92 మందికి కుదించారు.

ఇక మన మండలి తలుపు ఎవరి చేతిలో ఉంది? 169వ అధికరణం ప్రకారం శాసనసభ ప్రత్యేక మెజారిటీతో తీర్మానిస్తే, పార్లమెంటు చట్టం చేసి మండలిని పెట్టగలదు, తీసేయగలదు. 1958లో వచ్చిన మండలి 1985లో అలాగే పోయింది, 2007లో అలాగే తిరిగొచ్చింది. 2020 జనవరిలో రద్దు కోరుతూ శాసనసభ తీర్మానించింది, 2021 నవంబరులో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. ఈ మొత్తంలో ఎక్కడా మండలి అనుమతి అవసరం లేదు. రద్దు కోరాలా వద్దా అని తీర్మానించే శాసనసభను ఎన్నుకునేటప్పుడు మాత్రం, కిరాణా కొట్టు తండ్రికీ డిగ్రీ కొడుక్కీ చెరొక ఓటే.